పక్షుల్ని చూడ్డానికెళ్ళి గట్లు చూసొచ్చాం

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్నాడు. "మావయ్యా, ఇన్‌స్టాలో ఒకడు ఆటపాక రీలు పెట్టాడు, జనం ఎగబడి చూస్తన్నారు. మన పక్కనే అంట గదా, ఎళ్దామా?" అన్నాడు. పక్కనే అంట గదా! పుట్టి ఇరవై ఏళ్ళు కొల్లేటి చేప తిని పెరిగినోడు, కొల్లేరు ఎక్కడుందో రీలు చూసి తెలుసుకున్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలా. ఎందుకంటే నేను కొల్లేరుని మొదటిసారి సరిగ్గా చూసింది నా ఇరవయ్యారో ఏట, అదీ లారీ మీద నిలబడి. ఆ సంగతి తర్వాత చెప్తా.

బండి మీద తెల్లారకముందే బయల్దేరాం. పోయేటప్పుడు గణపవరం, ఆకివీడు మీదుగా పోయాం, వచ్చేటప్పుడు ఏలూరు మీదుగా తిరిగొచ్చాం. అట్టా తిరిగితే కొల్లేరు చుట్టూ ముప్పాతిక ప్రదక్షిణ అయినట్టే. బండి లేనోళ్ళకి ఏలూరు నుంచి కైకలూరు బస్సులున్నాయి. గుడివాడ-భీమవరం రైలు లైన్లో కైకలూరు స్టేషనుంది. అక్కణ్ణించి ఆటపాక రెండు కిలోమీటర్లు, ఆటో ఎక్కితే దింపేస్తాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. అయితే తెల్లారగానే వెళ్ళాలి, లేదంటే పొద్దు వాలేటప్పుడు వెళ్ళాలి. మిట్టమధ్యాహ్నం వెళ్ళి "ఏంటండీ, అన్నీ కునుకు తీస్తన్నాయి" అంటే ఆ తప్పు పక్షులది కాదు.

ఆటపాక పక్షుల కేంద్రం అంటే మూడొందల ఎకరాల లోపు ఉండే ఒక చెరువు, దాని చుట్టూ గట్టు. గట్టు మీద నడవొచ్చు. టికెట్టు కొనుక్కుని బోటెక్కొచ్చు. పక్షుల బొమ్మలు పెట్టిన మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్తే బాగుంటది. చెరువు మధ్యలో ఇనప స్టాండ్లు. వాటి మీద అంతస్తులంతస్తులుగా పుల్లల గూళ్ళు, గూళ్ళ మీద గూడబాతులు. ఇంగ్లీషు చదువుకున్నోళ్ళు పెలికాన్ అంటారు. బరువు అయిదారు కిలోల దాకా ఉంటది, రెక్కలు చాపితే మన నిలువు కంటే ఎక్కువ. కింది ముక్కుకి సంచి వేలాడతా ఉంటది. పిల్ల ఆకలేస్తే తల్లి నోట్లోకి తలకాయ మొత్తం దూర్చేస్తది. మా వాడు అది చూసి "మావయ్యా, మింగేత్తంది!" అని కేకేశాడు. బోటు నడిపే అబ్బాయి నవ్వి, "మింగటం కాదన్నా, తినిపిత్తంది" అన్నాడు. పక్క స్టాండ్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు. ఈ మూడు జాతులూ ఒకే చోట గూళ్ళు పెట్టుకుని, అప్పుడప్పుడూ పుల్ల దొంగతనాలు చేసుకుంటా ఎట్టాగో సర్దుకుపోతాయి.

మాతో బోటులో ఏలూరు నుంచొచ్చిన కుటుంబం ఉంది. ఆయన పిల్లలకి చెప్తున్నాడు: "ఇవి సైబీరియా నుంచి ఎగిరొచ్చాయమ్మా, ఎండాకాలం వచ్చేసరికి ఎళ్ళిపోతాయి." రీళ్ళలోనూ ఇదే, పేపర్లలోనూ ఇదే. తమ్ముళ్ళూ, ఇది సరిచేసుకోండి. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి కొల్లేటికి వచ్చే పరజలూ, ఉల్లంకి పిట్టలూ ఉన్నాయి, నిజమే. కానీ ఈ గూడబాతు మాత్రం మనదే. ఇండియా, శ్రీలంక, ఇంకా తూర్పుకి పోతే కాంబోడియా, ఇదీ దీని లోకం. నీళ్ళున్న చోటికీ, చేపలున్న చోటికీ ఊళ్ళు మారతది గానీ, ఇక్కడే పుట్టి ఇక్కడే గుడ్లు పెట్టే జీవి. విదేశీ అతిథి అని పేరు పెడితే ఒక సుఖం ఉంది. అతిథి రాకపోయినా అడిగేవాడు ఉండడు. ఇంట్లో మనిషి కనపడకపోతే ఎక్కడికి పోయాడని వెతకాలి.

వెతికినాయన ఒకాయన ఉన్నాడు. కె.కె. నీలకంఠన్ అని, కేరళ ఆయన. ఇందుచూడన్ అనే పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన 1946లో మన పశ్చిమ గోదావరిలో గూడబాతులు గుంపుగా గూళ్ళు కట్టే చోటు చూశాడు. 1902లో కడప వైపు ఇంకొకాయన ఇట్టాంటిదే చూశాడుగానీ, తర్వాత దాని జాడ ఎవరికీ దొరకలా. అందుకని నీలకంఠన్ చూసింది దేశంలో పక్షుల మీద పనిచేసేవాళ్ళందరికీ పెద్ద వార్త. దాదాపు మూడు వేల పక్షులు గూళ్ళు పెట్టాయని లెక్క. అప్పుడు స్టాండ్లు లేవు. పక్షి చెట్టు మీద గూడు పెట్టుకుంది, చేప కొల్లేట్లో పట్టుకుంది. తర్వాత కొన్నేళ్ళకి ఆ కాలనీ కూడా చెదిరిపోయింది.

ఇప్పుడు స్టాండు. అటవీ శాఖ వాళ్ళని ఎగతాళి చెయ్యటానికి ఈ మాట అనట్లేదు. చెట్లు నీళ్ళలో నాని, రెట్టకి మాడి పడిపోతే, ఇనప స్టాండు పెట్టి పక్షిని నిలబెట్టుకున్నారు. పక్షి ఒప్పుకుంది. దాన్ని మంచి పనే అనాలి. నా బాధ వేరే. మనం బోటులో తిరిగొచ్చిన మూడొందల ఎకరాల లోపు చెరువుని చూసి, 'కొల్లేరు పక్షుల అభయారణ్యం చూశా' అనుకుని ఇంటికొచ్చేస్తున్నాం. అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు! దాని మిగతా భాగం ఎట్టా ఉందో చూడాలంటే బోటు దిగి, వీపు తిప్పి, గట్టు అవతలకి చూడాలి. మేం చూశాం. ఇంకో గట్టు. దాని అవతల ఇంకో చెరువు. ఆ చెరువు మీద పక్షి వాలకుండా కట్టిన తీగలు. దూరంగా ఎక్కడో ఢాం అని టపాకాయ. గూడబాతుని లోపల కాపాడతన్నారు, బయట తోలతన్నారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. కొల్లేరు గొడవంతా 'కాంటూరు' అనే మాట చుట్టూ తిరుగుతుంది. నాకూ మొదట్లో అర్థం కాలా. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. సైకిల్ షాపులో పని చేసుకుంటా, మ్యాపు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నదే. సముద్రమట్టం కంటే అయిదు అడుగుల ఎత్తులో నేల ఎక్కడెక్కడ ఉందో ఆ చోట్లన్నీ కలుపుతా గీత గీస్తే అది ప్లస్ అయిదు కాంటూరు. కొల్లేట్లో నీళ్ళు ఆ గీత దాకా వస్తే 308 చదరపు కిలోమీటర్లు నిండుతుంది. ప్లస్ మూడు దాకా అయితే 135. ప్లస్ పది దాకా అయితే 901. ఇప్పుడు చూడండి: అయిదు నుంచి మూడుకి, అంటే ఎత్తులో రెండే రెండు అడుగులు దించితే, సరస్సులో 173 చదరపు కిలోమీటర్లు పోతుంది. ఎకరాల్లో చెప్పాలంటే 42 వేల పైచిలుకు. మన నేల పళ్ళెంలాగా పరుచుకుని ఉంటది కాబట్టి, రెండడుగులంటే సగం కంటే ఎక్కువ. 'జస్ట్ రెండడుగులే గదా' అనే నాయకుడు ఈసారి మీ ఊరొస్తే ఈ లెక్క అడగండి.

ఇక కథ. కొల్లేరు కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా పదుల కొద్దీ డ్రైన్లు, కాలవలు అందులోకి దిగుతాయి. పోవటానికి ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆకివీడు పక్కనుంచి పోయి సముద్రంలో కలుస్తది. వెనకటికి నీళ్ళు తీసినప్పుడు పల్లపు చేలల్లో వరి, నీళ్ళు నిండినప్పుడు మావులు వేసి, తాటి దోనెల మీద తిరిగి చేపలు. కొరమీను, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల. లంక ఊళ్ళలో వడ్డీలు తరాలుగా బతికిన తీరు ఇది. 1970ల్లో ప్రభుత్వమే, వరి వరదకి పోతోంది, చేపల చెరువులు చేసుకోండి అని మత్స్యకార సహకార సంఘాలకి చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. తర్వాత ఆ చెరువులు చేతులు మారాయి. సొసైటీ పేరు మీద పేదోడు, చెరువు మీద పెట్టుబడి పెట్టినాయన. చూసిన ఇంకో పదిమంది పెద్దోళ్ళు సర్కారు నీటిలోనే గట్లు వేసుకున్నారు. బొచ్చె, శీలావతి కలకత్తాకీ, అస్సాంకీ లారీలెక్కాయి. 1999లో ప్లస్ అయిదు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. ఇరాన్‌లో రామ్‌సార్ అనే ఊళ్ళో 1971లో చిత్తడి నేలల మీద దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, ఆ జాబితా. మన రాష్ట్రం నుంచి దాంట్లో మొదట చేరింది కొల్లేరే. కాగితం మీద ఇంత గౌరవం వచ్చాక కూడా గట్లు పెరుగుతానే పోయాయి. చివరికి సుప్రీంకోర్టు దాకా పోయి, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు కొట్టేశారు. ప్రొక్లెయినర్లు దిగాయి, బాంబులు పెట్టి పేల్చారు.

ఇప్పుడు నా లారీ సంగతి. ఆ రోజుల్లో సాయంత్రాలు పేపర్లకి ఉత్తరాలు రాసుకునే కుర్రోణ్ణి నేను. మైకు దొరికితే వదిలేవోణ్ణి కాదు. ఒకాయన మా షాపుకొచ్చి, "పేదోళ్ళ కడుపు కొడతన్నారు, నువ్వు మాట్లాడతావుగా, రా" అన్నాడు. లారీ ఎక్కాం, యాభై మంది ఉంటాం. ధర్నా దగ్గర నేను అరగంట మాట్లాడా. పక్షులకి ఉన్న విలువ మనుషులకి లేదా అన్నా. చప్పట్లు బాగా పడ్డాయి. తర్వాత బిర్యానీ పొట్లాలు. తిరిగొచ్చేటప్పుడు పక్కన లంక ఊరి మనిషి ఒకాయన కూచున్నాడు. మాటల్లో అడిగా, "బాబాయ్, నీకెన్ని ఎకరాలు పోతన్నాయి?" అని. ఆయన నన్ను వింతగా చూశాడు. "నాకేడున్నాయి బాబూ? సొసైటీలో పేరుంది. చెరువు ఆయనది. ఏడాదికి ఇంతని ఇత్తాడు." ఎంత అని అడిగా. చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, అరగంట సేపు గొంతు చించుకుంది ఎవరి కోసమో ఆ అంకె వింటే తెలిసింది. ఆ లారీకి డీజిలు కొట్టించింది కూడా ఆయనే.

అట్టని ఆ రోజు గట్లు కొట్టడం అంతా ధర్మంగా జరిగిందని నేననను. సొంతంగా చిన్న చెరువు చేసుకున్న లంకోళ్ళవీ పోయాయి. అప్పు చేసి పిల్లల్ని (చేప పిల్లల్ని) వేసుకున్నోళ్ళు మునిగిపోయారు. ప్లస్ అయిదు లోపల జిరాయితీ పట్టా భూములు దాదాపు 15 వేల ఎకరాలున్నాయి. చట్టప్రకారం అభయారణ్యం చేసేటప్పుడు ఆ హక్కులు తేల్చాలి, తీసుకుంటే డబ్బు కట్టాలి. పట్టా ఉన్న రైతు తన పొలంలో తను వ్యవసాయం కూడా సక్రమంగా చేసుకోలేక, పరిహారమూ లేక, ఇరవై అయిదేళ్ళకి పైగా మధ్యలో వేలాడుతున్నాడు. ఆ రైతు కోపం నిజమైంది. ఆ కోపాన్ని అద్దెకి తీసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చెప్పేది అదీ.

2008లో అసెంబ్లీ ప్లస్ అయిదుని ప్లస్ మూడుకి దించమని తీర్మానం చేసింది. అన్ని పార్టీలూ ఒక మాట మీద ఉన్న అరుదైన సందర్భాల్లో అదొకటి. కేంద్రం అజీజ్ గారి నాయకత్వంలో కమిటీ వేస్తే, కుదించొద్దు అని చెప్పింది. అసలు చట్టంలో జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దు మార్చటానికి లేదు. ఆ సంగతి ఎమ్మెల్యేలకి తెలియదా? తెలుసు. అయినా ఎన్నికలొచ్చినప్పుడల్లా 'కాంటూరు కుదిస్తాం' అంటారు. అది ఇవ్వలేని వస్తువు కాబట్టే ఎన్నిసార్లయినా హామీ ఇవ్వొచ్చు. ఈ లోపు కొట్టిన గట్లు మళ్ళీ లేచాయి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ ఆక్రమణల మీద రాష్ట్రాన్ని నిలదీసింది. ఆ ఏడాదే కేంద్ర సాధికార కమిటీ కొల్లేరు వచ్చి జనం వినతులు తీసుకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత అదే సినిమా రెండో ఆట మొదలైంది. ఈసారి లారీ మీ ఊరికొస్తే, ఎక్కే ముందు డీజిలు ఎవరిదో అడగండి.

ఆటపాక నుంచి ఏలూరు రోడ్డు పట్టాం. మండవల్లి దాటాక పెదఎడ్లగాడి వంతెన దగ్గర బండి ఆపా. వరదలొచ్చినప్పుడు టీవీలో చూస్తారే, ఏలూరు-కైకలూరు రాకపోకలు బంద్ అని, ఆ రోడ్డిదే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచింది, లోకమంతా చూసింది. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికి పోయాయని ఎవరైనా అడిగారా? ఇక్కడికే వచ్చాయి. లంక ఊళ్ళ చుట్టూ చేరాయి. కొల్లేటికి వెడల్పు ఉంటే నీళ్ళు పరుచుకుని నెమ్మదిగా ఉప్పుటేట్లోకి దిగుతాయి. వెడల్పులో గట్లుంటే ఎత్తు లేస్తాయి. ఊళ్ళోకొస్తాయి.

వంతెన పక్కన ఒక పెద్దాయన వల సరిచేసుకుంటున్నాడు. ఎనభై ఉంటాయేమో. మా వాడు ఫోన్ తీసి ఆటపాకలో తీసిన ఫోటోలు చూపించి, "తాతా, ఇదేం పిట్ట?" అని అడిగాడు. ఆయన కళ్ళకి దూరంగా పెట్టుకుని చూశాడు. "నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందుంటది, సూడు. నత్తని అట్టాగే పడతది." తర్వాతిది? "నామాలకోడి." ఇంకోటి? "బుడుబుంగ. ఇక్కడ మునిగి అక్కడ తేల్తది. దాన్ని పట్టినోడు లేడు." నా ఫోన్లో మెర్లిన్ అని పక్షుల్ని గుర్తుపట్టే యాప్ ఉంది. అది ఆలోచించుకునే లోపు తాత చెప్పేస్తున్నాడు. పరజల్ని వలేసి పట్టి అమ్మిన రోజులు కూడా దాచలేదు. "పట్టేవోళ్ళం బాబూ. అప్పుడు తప్పని తెలీదు. అయినా మేం పట్టినందుకు తరగలా. నీరు మారాక తరిగిపోయినియ్యి."

నీరు మారటం అంటే ఏంటి తాతా అంటే ఆయన వివరంగా చెప్పాడు. నేను ఏ రిపోర్టులోనూ ఇంత సులువుగా చదవలా. చెరువంటే లోతు, నిటారు గట్టు. కొంగకి మోకాల్లోతు కావాలి, చెరువు అంచులో అది నిలబడలేదు. తామరాకుల మీద నడిచే పిట్టకి తామర కావాలి, చెరువులో ఒక్క ఆకు లేకుండా పీకేస్తారు. మావు వెయ్యాలంటే నీళ్ళు పారాలి, గట్ల మధ్య నీళ్ళు పారవు. కొరమీనుకి గడ్డి కావాలి, గుడ్డు పెట్టుకోటానికి. కొంగకి ఏది కావాలో తాతకీ అదే కావాలి: లోతు తక్కువ, కదిలే నీరు, గడ్డి, అంచు. పక్షులా మనుషులా అని నేను మైకులో అరిచిన ప్రశ్నకి ఆయన వల కుట్టుకుంటా జవాబు చెప్పాడు. నేను అడగనైనా అడగలేదు.

తాగటానికి నీళ్ళున్నాయా తాతా అన్నా. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. ఏలూరు, గుడివాడ, బెజవాడ వైపు మురుగంతా, చేలల్లో కొట్టిన మందులన్నీ, చెరువుల్లో మార్చేసిన నీళ్ళూ ఇక్కడికే చేరతాయి. కొన్ని చోట్ల కోళ్ళ వ్యర్థాలు మేతగా వేస్తున్నారని తెలియనోళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. సరస్సు మధ్యలో కాపురం, టిన్ను నీళ్ళు కొనుక్కుని సంసారం.

'మరి ఆక్వా మీద ఎంతమంది బతుకుతున్నారో తెలుసా?' అని నన్ను అడిగేవాళ్ళుంటారు. తెలుసు. మా బంధువుల్లోనే ఐసు ఫ్యాక్టరీలో చేసేవాళ్ళున్నారు, పట్టుబడికి వెళ్ళే కుర్రోళ్ళున్నారు, మేత లారీ డ్రైవర్లున్నారు. డెల్టాలో చేపల చెరువులే ఉండకూడదని ఎవరన్నారు? అభయారణ్యం గీత బయట ఉన్న చెరువులు వేల ఎకరాలు, ఎవరూ వాటి జోలికి రావట్లేదు. గొడవ గీత లోపలి వాటి మీద. ఆ గీత లోపల సర్కారు నేలలో చెరువు ఎవరి చేతిలో ఉంది, సొసైటీ పుస్తకంలో ఎవరి పేరుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరి మధ్యలో బోర్డు మీద రాస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

ఇంక టూరిజం సంగతి. ఏ ప్రభుత్వమొచ్చినా కొల్లేటిని టూరిజం హబ్ చేస్తామంటది. హబ్ అంటే ఏంటో నాకు భయం. రిసార్టులా? స్పీడు బోట్లా? ఏసీ గదుల్లోంచి గూడబాతుని చూసేవాళ్ళ కోసం ఇంకో రెండు గట్లు వేస్తారా? మన పక్కనే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒడిశాలో చిలికా సరస్సు పక్కన మంగళజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మే ఊరు. ఆ వేటగాళ్ళే 2000 ప్రాంతంలో కమిటీ కట్టుకుని కాపలా మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళే గెడతో పడవ తోస్తారు, మోటారు లేదు, వాళ్ళే పక్షి పేరు చెప్తారు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో గూడబాతులు ఇళ్ళ పక్క చెట్ల మీదే గూళ్ళు పెడతాయి, ఊరోళ్ళు రెట్టని ఎరువుకి వాడుకుంటారు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షులొస్తే ఊరికి మంచిదని నమ్మకం. గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరి చెరువులోనే వేల పక్షులు దిగుతాయి.

అమెరికాలో మనోళ్ళు శని ఆదివారాలు 'వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్'కి వెళ్ళామని ఫోటోలు పెడతారు చూడండి, ఆ రెఫ్యూజుల్లో మొట్టమొదటిది 1903లో పుట్టింది. ఫ్లోరిడాలో పెలికాన్ ఐలాండ్. అంటే గూడబాతు లంక! అక్కడ టోపీల్లో పెట్టుకునే ఈకల కోసం పక్షుల్ని కాల్చేస్తుంటే, ఎదురుగా ఒడ్డు మీద ఉండే పాల్ క్రోగెల్ అనే పడవలు చేసుకునే ఆయన తుపాకి పట్టుకుని అడ్డం నిలబడేవాడు. ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ ఆ లంకని పక్షులకి రాసిచ్చినప్పుడు కాపలా పని ఆయనకే ఇచ్చారు. జీతం నెలకి ఒక డాలరు. తర్వాత 1934 నుంచి బాతుల వేటకెళ్ళే ప్రతివాడూ ఒక స్టాంపు కొనాలని చట్టం చేశారు. ఆ డబ్బులో డాలరుకి 98 సెంట్లు చిత్తడి నేలలు కొనటానికీ కాపాడటానికీ పోతుంది. అమెరికా వాళ్ళు గొప్పోళ్ళని ఇది చెప్పట్లేదు, సొంత ఆదివాసుల్ని తరిమి పార్కులు చేసిన చరిత్ర కూడా వాళ్ళదే. నేను పట్టుకున్నది రెండు విషయాలు: మొదటి కాపలాదారు పడవలు చేసుకునే స్థానికుడు. టికెట్టు డబ్బు నేలకి చేరుతోంది, ఎంత చేరుతోందో లెక్క కనపడుతోంది.

మన దగ్గర? ఆటపాకలో నేను కట్టిన బోటు టికెట్టులో లంక ఊరికి ఎంత చేరుతుంది? పట్టా రైతు పరిహారానికి ఎంత? ఇది ఎవరినో తప్పుపట్టటానికి అడగట్లేదు. ఆ లెక్క కౌంటరు దగ్గర బోర్డు మీద రాసిపెడితే చదువుకుంటాం. ఆగడాలలంకలో, గుడివాకలంకలో, శ్రీపర్రులో డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్న కుర్రోళ్ళు, ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళకి నెల రోజులు పక్షుల మీద శిక్షణ ఇచ్చి గైడు కార్డు ఇవ్వటానికి ఏ కాంటూరూ అడ్డం రాదు. మోటారు లేని దోనె, పక్కన తాతలాంటి మనిషి, చేతిలో బైనాక్యులర్. సరస్సు బతికితేనే వచ్చే జీతం ఒక ఊళ్ళో యాభై మందికి ఉంటే, రేపు లారీ వచ్చినప్పుడు ఆ ఊరు వేరేగా ఆలోచిస్తది.

మీరు వెళ్తే చెయ్యాల్సినవి కొన్ని చెప్పి ఆపుతా. మెరిసే చొక్కాలు వద్దు, పచ్చటివో మట్టిరంగువో వేసుకోండి. డ్రోను ఎగరేయొద్దు. ఒక్కసారి పెద్ద పక్షులన్నీ గూళ్ళ మీంచి లేస్తే, కాకులు గుడ్లు ఎత్తుకెళ్ళటానికి నిమిషం చాలు. బైనాక్యులర్ కొనాలంటే ఎనిమిది-నలభైరెండు రకం, నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. చూసినవి ఈబర్డ్ అనే వెబ్‌సైటులో ఎక్కించండి, ఫోన్ నుంచే అవుతుంది. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, దాంట్లో చేరొచ్చు. ఆటపాక ఒక్కటే ఎక్కించి ఊరుకోవద్దు. మీ ఊరి పక్క డ్రైను, చెరువు గట్టు, మునిగిన చేను, అక్కడ ఏం వాలుతుందో, ఏం వాలట్లేదో రాయండి. రేపు కోర్టులో 'అక్కడ పక్షులే లేవండీ, గీత తీసేయండి' అని ఎవరన్నా అంటే, తేదీతో సహా మీ ఫోన్లో సమాధానం ఉండాలి.

తిరిగొచ్చేటప్పటికి చీకటి పడింది. ఏలూరులో టీ తాగుతుంటే మా వాడు నోటుబుక్కు తీశాడు. తాత చెప్పిన పేర్లన్నీ రాసుకున్నాడంట, నేను గమనించనే లేదు. మొత్తం ఇరవై మూడు. వాటిలో పద్నాలుగు మేం ఆ రోజు చూశాం. మిగతా తొమ్మిదింటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, "ఇయ్యి ఎక్కడుంటాయి మావయ్యా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం ఆగడాలలంక వైపు పోదాం అన్నా. రీలు పెట్టావా అంటే, ఇంకా లేదు, గట్టు అవతల వైపు వీడియో సరిగ్గా రాలేదు, మళ్ళీ తియ్యాలి అన్నాడు.